ఆలస్యంగా మేలుకునే లాప్‌టాపు

మన యిండ్లలో బీరువా పై అరలోనో, పిల్లల పాత పుస్తకాల క్రిందనో వొక లాప్‌టాపు పడివుండడం యీ జిల్లాలలో సాధారణమైపోయింది. 2011 సెప్టెంబరు 15వ తేదీన తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా లాప్‌టాపులు పంచడం ప్రారంభించింది. ప్రభుత్వ పాఠశాలలోనో, ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలోనో ప్లస్‌టూ చదివిన బిడ్డలు అట్టపెట్టెతో యింటికి వచ్చిన ఆ సంబరం మనకు గుర్తున్నదే. పిల్లలు చదువు ముగించి చెన్నపట్నమో, కోయంబత్తూరో చేరినారు. యంత్రం మాత్రం పెద్దవాళ్లకు మిగిలింది. అటువంటిది వొకటి విరుదునగరులో మా అక్కయ్య యింట వున్నది. దానిని గురించే యీ వ్యాసం.

మా మేనకోడలికి 2014లో వచ్చిన యంత్రమది. ఆ పిల్ల పెండ్లి చేసుకొని వెళ్లిన తరువాత మా అక్కయ్య దానిని వూరికే వుంచలేదు. టైపు నేర్చుకున్న మనిషి కనుక, వాకిట గదిలో వొక ప్రింటరు పెట్టుకొని అర్జీలు, అద్దె ఒప్పందాలు, బడిపిల్లల ప్రాజెక్టు కాగితాలు కొట్టి యిస్తూన్నది. తమిళమే యెక్కువ. పెండ్లి కాలంలో మాత్రం మనవాళ్లలో కొందరు, పెద్దవాళ్ల తృప్తికోసం శుభలేఖలో నాలుగు వరుసలు తెలుగులో వుండాలంటారు. మన యిండ్లలో తెలుగు మాట వున్నంతగా తెలుగు వ్రాత లేదు గదా! మా తండ్రిగారు పలకమీద నేర్పిన అక్షరాలు అక్కయ్యకు అక్కడ అన్నం పెట్టినవి. బావగారు వొక పప్పుల మండీలో లెక్కలు వ్రాస్తారు. యీమె సంపాదన కరెంటు బిల్లుకూ, పాల లెక్కకూ సరిపోతుంది.

గత ఆవణిలో వొకనాటి రాత్రి ఫోను చేసి, "ఒరే తమ్ముడూ, యీ పెట్టె ఇక పనికిరాదురా. మీట నొక్కి వంటింటికి పోయి చారు తాలింపు పెట్టి వచ్చినా తెరమీద ఆ బొమ్మే తిరుగుతూంటుంది. అర్జీకి వచ్చినవాళ్లు నిలబడి నిలబడి యెదురు దుకాణానికి పోతున్నారు. గాజుల జత కుదువ పెట్టి కొత్తది కొనేస్తాను. నువ్వు వచ్చి మంచిది చూసి చెప్పు" అన్నది.

ఆ గాజులు మా అమ్మవి. నేను వెంటనే యేమీ అనలేదు. "ఆదివారం వస్తాను, అంతవరకు గాజులు పెట్టెలోనే వుండనీ" అని మాత్రం అన్నాను.

నేను కంప్యూటరు చదివినవాణ్ణి కాను. కోవిల్‌పట్టిలో వొక అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో గుమాస్తాను. చదువు మెట్రిక్యులేషను పర్యంతమే. అయితే మా ఆఫీసులో సరుకు చిట్టాలు వ్రాసే కంప్యూటరులో పదేండ్లుగా లినక్స్ వున్నది. చెడితే బాగుచేసేవారు మధురై నుండి రావాలి. వారు వచ్చేలోగా గుమాస్తా యేదో వొకటి నేర్చుకోక తప్పదు.

లినక్స్ అంటే యేమిటని అడిగేవారికి రెండు మాటలు. కంప్యూటరును నడిపించే మూల కార్యక్రమం అది. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ప్రారంభించాడు. వెల లేదు, యెవరైనా తీసుకొని మార్చుకోవచ్చును. మన ప్రభుత్వం పంచిన యంత్రాలలో విండోస్‌తోబాటు బాస్ అనే లినక్స్ కూడా వుండేది. బాస్ అనగా భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. సి-డాక్ సంస్థవారు డెబియన్ అనే లినక్స్‌ను ఆధారం చేసుకొని తయారుచేసినది. అక్కయ్య యంత్రంలో యిప్పుడున్నది డెబియనే. విండోస్ మరీ బరువై, మూడేండ్ల క్రిందట నేనే తీసివేసి పెట్టినాను. 2 జీబీ మెమొరీ, తిరిగే చక్రం గల పాత 320 జీబీ హార్డ్‌డిస్కు ఉన్న యంత్రానికి అంతకంటె బరువు పెట్టడం ముసలి యెద్దు మీద గోనె వేయడమే.

ఆదివారం వుదయం కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయి వొక పొట్లం కట్టించుకొని బండి యెక్కినాను. అక్కయ్య కాఫీ యిచ్చి, యంత్రాన్ని బల్లమీద పెట్టింది. నేను మొదట చేసింది చేతి గడియారం విప్పి ప్రక్కన పెట్టుకోవడం. "చాలాసేపు" అనే మాట వైద్యానికి పనికిరాదు. మీట నొక్కిన క్షణం నుండి పేరు అడిగే తెర వచ్చేవరకు 3 నిమిషాల 50 సెకన్లు. పేరు చెప్పిన తరువాత పనికి వచ్చేందుకు మరి 50 సెకన్లు. మొత్తం 4 నిమిషాల 40 సెకన్లు. తాలింపు మాట అబద్ధం కాదు.

కొత్త లినక్స్‌లలో యిందుకొక సదుపాయమున్నది. 2010లో పుట్టిన సిస్టమ్‌డీ అనే మేస్త్రీ యిప్పుడు చాలా లినక్స్ యంత్రాలలో లోపలి పనివాళ్లను నిద్రలేపుతాడు. డెబియన్ దానిని 2015లో వెలువడిన 8వ కూర్పు నుండి వాడుతూన్నది. పాత పద్ధతిలో పనులు చాలావరకు వరుసగా, వొకరి తరువాత వొకరు లేచేవారు. యీ మేస్త్రీ అందరినీ వొకేసారి లేపి, యెవరికి యెవరు కావాలో వారికోసం మాత్రమే ఆగమంటాడు. అందరి రాకపోకలూ చిట్టాలో వ్రాసుకుంటాడు. "సిస్టమ్‌డీ-ఎనలైజ్" అని కొడితే మొత్తం కాలం చెప్తాడు. (యీ మాటలన్నీ యంత్రంలో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టవలసివుంటుంది.) అక్కయ్య యంత్రంలో వచ్చిన జవాబు: కెర్నెల్ 43 సెకన్లు, యూజర్‌స్పేస్ 2 నిమిషాల 41 సెకన్లు. రెండూ కలిస్తే 3 నిమిషాల 24 సెకన్లు. నా గడియారంలో మిగిలిన 26 సెకన్లు మీట నొక్కడానికీ, లినక్స్ లేవడానికీ నడుమ గడిచినవి. పాత బయోస్ యంత్రాలలో ఆ భాగాన్ని మేస్త్రీ లెక్కకట్టలేడు; గడియారమే గతి.

అదే మాటకు చివర "బ్లేమ్" చేరిస్తే, లేవడానికి యెవరెవరు యెంతసేపు తీసుకున్నారో పెద్దది మొదలు చిన్నది వరకు జాబితా వస్తుంది. బ్లేమ్ అంటే నింద. పేరులోనే మోసమున్నదని నాకు ఆలస్యంగా తెలిసింది. జాబితా తలమీద నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ అని 31 సెకన్లతో కూర్చొని వున్నది. ఇంటర్నెట్టు వచ్చేవరకు కాచుకొని వుండడమే దాని వుద్యోగం. దొరికినాడురా దొంగ, అనుకొని దానిని మాన్పించి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపినాను. 3 నిమిషాల 48 సెకన్లు. రెండు సెకన్ల లాభం! తరువాతి పేరును మాన్పించాను, వొక్క సెకను. బావగారు ప్రక్కన కూర్చొని యీ తతంగమంతా చూస్తూ, "మండీలో లెక్క తప్పితే మేము కూడా మొదట కూలివాణ్ణే పట్టుకుంటాము లెండి" అన్నారు. నాకు సిగ్గు వేసింది.

భోజనానికి లేచినప్పుడు సాత్తూరు స్టేషను జ్ఞాపకం వచ్చింది. కోవిల్‌పట్టికీ విరుదునగరుకూ నడుమ వొంటి లైను వున్న రోజులలో మన పాసింజరు సాత్తూరులో నిలిచి నిలిచి ప్రాణం తీసేది. దోసకాయలు అమ్మేవాళ్లు రెండుసార్లు చుట్టివచ్చేవారు. మేము డ్రైవరును తిట్టేవాళ్లము. ఆయన చేయగలిగిందేమీ లేదు, యెదుటి నుంచి రావలసిన బండి రాలేదు. పైగా ఆ పూట వచ్చిన బండ్ల లెక్క తీసి, యే బండి యెంత ఆలస్యమైందో చూస్తే, అసలు రాని బండి పేరు ఆ లెక్కలో కనిపించదు. బ్లేమ్ జాబితా కూడా అటువంటిదే. ఆలస్యంగానైనా లేచినవాళ్ల పేర్లే అందులో వుంటాయి. అసలే రానివాడి కోసం అందరూ కాచుకున్నా, వాడి పేరు అందులో వుండదు.

చెయ్యి కడుక్కొని వచ్చి, ఈసారి "క్రిటికల్-చెయిన్" అనే మాట కొట్టినాను. యిది గొలుసు. చివర లేచినవాడు యెవరికోసం ఆగినాడు, ఆయన యెవరికోసం ఆగినాడు అని వెనకకు తీసుకుపోతుంది. తెర చూపేవాడు 2 నిమిషాల 40 సెకన్ల దగ్గర. వాడి క్రింద వరుసగా నలుగురైదుగురు. సిస్‌ఇనిట్ అనే మజిలీ 1 నిమిషం 39 సెకన్ల దగ్గర. దాని క్రింది మనిషి 9వ సెకనుకే పని ముగించుకొని వెళ్లిపోయాడు. అంటే 9వ సెకను నుండి 99వ సెకను వరకు యెవరూ యేమీ చేయలేదు. సరిగా 90 సెకన్లు. యంత్రం తనంతట తాను మందగిస్తే అంత గుండ్రని లెక్క రాదు. యెవరో గడువు పెట్టుకొని కాచినప్పుడే వస్తుంది. రావలసిన పరికరం రాకపోతే మేస్త్రీ పెట్టుకొనే మామూలు గడువు 90 సెకన్లే.

ఇక ఎవరికోసమన్నది తేలాలి. "జర్నల్‌సీటీఎల్" అనే దినచర్య పుస్తకంలో ఆ సమయానికి వున్న వరుసలు చూస్తే, ఫలానా గుర్తుగల డిస్కు భాగం కోసం కాచి గడువు దాటిపోయినదనీ, అందువల్ల స్వాప్ విఫలమైనదనీ స్పష్టంగా వ్రాసివున్నది. అసలు యిది లేచేటప్పుడే తెరమీద కనబడవలసిన మాట. అందమైన బొమ్మ వొకటి అడ్డం వేసినందువల్ల కనబడలేదు. ఆ బొమ్మ తిరుగుతున్నప్పుడు ఎస్కేప్ మీట నొక్కితే వెనకనున్న వరుసలు కనిపిస్తాయి. మొదటే నొక్కివుంటే నాకు వుదయమంతా మిగిలేది.

స్వాప్ అంటే, మెమొరీ చాలనప్పుడు హార్డ్‌డిస్కులో కొంత చోటును మెమొరీకి బదులుగా వాడుకునే యేర్పాటు. డిస్కులోని ప్రతి భాగానికీ 32 అంకెలూ అక్షరాలూ కలిసిన వొక గుర్తు వుంటుంది. యే భాగాన్ని యెక్కడ తగిలించాలో ఎఫ్‌స్టాబ్ అనే పట్టీలో ఆ గుర్తుతో వ్రాసివుంటుంది. పట్టీలోని స్వాప్ గుర్తు వొకటి. "బీఎల్‌కేఐడీ" అని అడిగితే డిస్కు చెప్పిన గుర్తు మరొకటి. యిల్లు అదే, తలుపుమీద నెంబరు మారింది. పోస్టుమాను పాత నెంబరు పట్టుకొని వీధిలో నిలబడ్డాడు.

"అక్కా, యీ మధ్య దీనిని యెవరైనా ముట్టుకున్నారా?" అని అడిగితే, రెండు నెలల క్రిందట యెదురింటి కళాశాల కుర్రవాడు వచ్చి, తన చదువు కోసం మరొక లినక్స్‌ను ప్రక్కన యెక్కించి చూసుకొని పోయినాడన్నది. అదీ సంగతి. కొత్తగా యెక్కించే లినక్స్ సాధారణంగా వున్న స్వాప్ భాగాన్నే తాను కూడా వాడుకుందామని తుడిచి తిరిగి సిద్ధం చేస్తుంది. అప్పుడు గుర్తు మారిపోతుంది. పాత లినక్స్‌కు ఆ కబురు చెప్పేవారు లేరు. కుర్రవాడిని తప్పు పట్టడానికి లేదు. పెద్ద పెద్ద చదువులవాళ్లకు కూడా యిది జరుగుతూనేవుంటుంది.

యిక్కడొక మాట గట్టిగా చెప్పవలసివున్నది. యీ జబ్బుకు చాలామంది చెప్పే చిట్కా, పట్టీలో స్వాప్ వరుస ముందు వొక గుర్తు పెట్టి దానిని కొట్టివేయమని. అట్లా చేస్తే యంత్రం త్వరగా లేస్తుంది, నిజమే. మరి కొందరు 90 సెకన్ల గడువును 10కి తగ్గించమంటారు. నాకు రెండూ నచ్చలేదు. యెందుకంటే అక్కయ్య మాటల్లో నేను చెవిన పెట్టని మాట వొకటి వున్నది: "అర్జీ కొడుతూండగా ఇంటర్నెట్టు పేజీ దానంతటదే మూసుకుపోతూన్నది" అని ఫోనులోనే చెప్పింది. "ఫ్రీ" అని కొట్టి చూస్తే స్వాప్ యెదుట సున్న. రెండు నెలలుగా యీ యంత్రం 2 జీబీతోనే, మారుచోటు లేకుండా బ్రతుకుతూన్నది. వరుస కొట్టివేసివుంటే వుదయపు ఆలస్యం పోయి, మధ్యాహ్నపు జబ్బు అట్లాగే మిగిలేది.

కనుక పట్టీకి నకలు వొకటి తీసిపెట్టి, కొత్త గుర్తును సరిగా వ్రాసినాను. సరిగా అన్నానే గాని, మొదటిసారి కాగితం మీద వ్రాసుకొని చూసి కొట్టినందున 8 వుండవలసిన చోట ఇంగ్లీషు బి పడింది. మరొకసారి 90 సెకన్లు బొమ్మ తిరిగింది. గుమాస్తా అలవాటు. అటువంటి గుర్తులను మౌస్‌తో పట్టి అతికించాలే గాని చేత్తో వ్రాయకూడదు. రెండవసారి యంత్రం లేచినప్పుడు 2 నిమిషాల 18 సెకన్లు. అక్కయ్య వంటింటి నుంచి తొంగిచూసి, "అప్పుడే వచ్చేసిందా?" అన్నది.

కాని కెర్నెల్ లెక్క యింకా 43 సెకన్లే చూపుతూన్నది. యీ కాలం మేస్త్రీ లేవకముందటిది. బ్లేమ్‌లోనూ, గొలుసులోనూ దీని జాడ వుండదు. బొమ్మ లేకుండా లేపి కూర్చొని చూసినాను. నిద్రపుచ్చిన యంత్రాన్ని తిరిగి లేపే చోటుకోసం కాచి విసిగి మానుకున్నానని వొక వరుస వచ్చింది. డెబియన్‌లో యంత్రం లేచేటప్పుడు ముందుగా విప్పే చిన్న మూట వొకటి వుంటుంది, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని. దానిలో కూడా స్వాప్ పాత గుర్తే వ్రాసివున్నది. యంత్రాన్ని గాఢనిద్రలో పెట్టినప్పుడు మెమొరీలోని సంగతులు స్వాప్‌లోనే దాస్తారు గనుక, లేవగానే అక్కడ వెదుకుతుంది. దొరకకపోతే సుమారు 30 సెకన్లు కాస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ అనే ఫోల్డరులో, కాన్ఫ్-డాట్-డీ అనే దాని లోపల, రెజ్యూమ్ అనే చిన్న కాగితమున్నది. అందులో గుర్తు మార్చి, "అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అనే ఆజ్ఞతో మూటను తిరిగి కట్టించినాను. కెర్నెల్ 12 సెకన్లకు దిగింది.

వొకే గుర్తు రెండుచోట్ల వ్రాసి వుండడం, వొకచోట దిద్ది రెండవది మరచిపోవడం మా ఆఫీసులో కూడా జరిగేదే. లెడ్జరు దిద్దుతారు, రోజు చిట్టా దిద్దరు.

తరువాతి పనులు చిల్లర. రెండు లినక్స్‌లలో యేది కావాలని అడిగే పట్టిక 10 సెకన్లు కాచేది, 2కు తగ్గించినాను. మొబైల్ మోడెము కోసం కాచుకొని వుండే సేవకుడు వొకడుంటే, యీ యింట అటువంటి మోడెమే లేదు గనుక సెలవిచ్చినాను. ప్రింటరు సేవకుడి జోలికి పోలేదు; వాడు అక్కయ్యకు అన్నదాత. వుదయం నేను అన్యాయంగా మాన్పించిన ఇద్దరిని తిరిగి పనిలోకి తీసుకున్నాను. చివర హార్డ్‌డిస్కు ఆరోగ్యం చూసినాను. "స్మార్ట్‌సీటీఎల్" అనే సాధనం డిస్కు తనగురించి తాను వ్రాసుకున్న లెక్కను చదివి చెప్తుంది. చెడిపోయి మార్చిన చోట్లు, మార్చడానికి కాచుకొని వున్న చోట్లు అనే రెండు వరుసలు ముఖ్యం. రెండింటా సున్నాలే. అవి పెరుగుతూ వుంటే మాత్రం లేచే కాలం సంగతి ప్రక్కన పెట్టి, ముందు కాగితాలన్నిటికీ నకలు తీసుకోవాలి. డిస్కు పోయే ముందు కూడా యంత్రం యిట్లాగే మందగిస్తుంది. అప్పుడు యే పట్టీ దిద్దినా లాభం లేదు.

సాయంకాలానికి గడియారం 1 నిమిషం 35 సెకన్లు చూపింది. తరువాత పనికి వచ్చేందుకు ఆ 50 సెకన్లు 45 అయింది, అంతే. దానికి కారణం తిరిగే చక్రం. లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లను వెదకవలసివుంటుంది; ముల్లు వొకచోటి నుండి మరొకచోటికి పరుగెత్తవలసిందే. చక్రం లేని ఎస్‌ఎస్‌డీ డిస్కు వేస్తే ఆ పరుగే వుండదు. యీ వయసు లాప్‌టాపులలో చాలావాటికి రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీ పాతదాని స్థానంలో సరిగా కూర్చుంటుంది. కొత్త లాప్‌టాపు వెలతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. దీపావళి బోనసు వచ్చినప్పుడు చూద్దామన్నాను. మెమొరీ కూడా యింకొక ముక్క వేయవచ్చునేమో, విప్పి చూడాలి. బ్యాటరీ యెప్పుడో చచ్చిపోయింది గనుక కరెంటు పోతే యంత్రమూ పోతుంది. దానికి నావద్ద యింకా మందు లేదు.

అక్కయ్య ఆ పూట వొక అద్దె ఒప్పందం, రెండు అర్జీలు కొట్టింది. పేజీ వొక్కసారి కూడా మూసుకుపోలేదు. గాజుల మాట ఆమె యెత్తలేదు, నేనూ యెత్తలేదు. తిరుగు బండికి బయలుదేరేటప్పుడు బావగారు స్టేషను వరకు వచ్చి, వాళ్ల అన్నగారి యింట కూడా అదే ఏటి లాప్‌టాపు వొకటి వున్నదనీ, వచ్చే ఆదివారం చూడగలనేమో అనీ అడిగినారు.

"దానికి యెంతసేపు పడుతుంది?" అన్నాను.

"అది లేవనే లేవదండీ" అన్నారు.